ట్రక్కు కుడి పక్క

ఆ వసంతంలో మా కారు గేర్ బాక్సు పోయింది. మెకానిక్ బానెట్ మూసేసి, నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "వెర్నా, దీన్ని బాగు చేయించడం కన్నా దీనికి అంత్యక్రియలు చేయించడం చవక" అన్నాడు. నేను నవ్వాను. పక్కనే ఉన్న నా భర్త ఎమిల్ నవ్వలేదు. నేను పనికి ఎలా వెళ్తానా అని అతను అప్పుడే ఆలోచిస్తున్నాడు.

మేముండేది పిట్స్‌బర్గ్‌లో, నదికి ఈవలి ఒడ్డున, మిల్వేల్‌లో. నా పని అవతలి ఒడ్డున, బ్లూమ్‌ఫీల్డ్‌లో ఒక వృద్ధాశ్రమం వంటగదిలో. మా వీధి మీదుగా పోయే బస్సును అంతకు ముందు ఏడాదే ఎత్తేశారు. రెండు బస్సులు మారి వెళ్లొచ్చు. కానీ మొదటిది ఆలస్యమైతే రెండోది తప్పిపోతుంది, రెండోది తప్పితే అక్కడ పళ్లు లేని నోళ్లన్నీ ఓట్స్ జావ కోసం నన్ను పేరు పెట్టి తిడుతుంటాయి. అందుకని ఎదురింటావిడ గరాజ్‌లో దుమ్ము పట్టి ఉన్న సైకిలు తెచ్చుకున్నాను. అరవైకి దగ్గర పడుతున్న మనిషిని. ఒంటికి అతుక్కునే లాగులు వేసుకుని సరదాకి తొక్కే రకం కాదు నేను. కారు చచ్చిపోయింది కాబట్టి తొక్కాను, అంతే.

ఎమిల్ ముప్ఫై ఏళ్ల పైన ట్రక్కులు నడిపాడు. మొదట చెత్త బండి, తర్వాత కంకర తోలే టిప్పర్లు. ఆ సీట్ల కుదుపులకు వెన్ను అరిగిపోయి ఇంట్లో కూర్చున్నాడు. నేను సైకిలు తెచ్చిన సాయంత్రమే భోజనాల బల్ల మీద పాఠం మొదలుపెట్టాడు. రొట్టెల డబ్బా ట్రక్కు. ఉప్పు సీసా నేను.

"ఇది సిగ్నల్ దగ్గర ఆగి ఉంది," అంటూ డబ్బా ముందు ఒక చెంచా అడ్డంగా పెట్టాడు. "డ్రైవరు ఇక్కడ, ఎడమ చివర కూర్చుంటాడు. నువ్వు కుడి పక్క, బండికీ కాలిబాటకీ మధ్య సందులోంచి ముందుకొచ్చి ఇక్కడ ఆగావు. వాడికి కనపడతావా?"

"అద్దం ఉంటుందిగా."

"అద్దంలో రెండు క్షణాలు కనపడి మాయమవుతావు. ఆ రెండు క్షణాలూ వాడు ఇంకెటో చూస్తుంటాడు. ఇప్పుడు పచ్చ లైటు పడింది. వాడు కుడికి తిరగాలి." డబ్బాను మెల్లగా తిప్పాడు. దాని ముందు భాగం ఉప్పు సీసాకు దూరంగానే పోయింది. పొట్ట భాగం వచ్చి సీసాను పడగొట్టింది. ఉప్పు బల్లంతా చిందింది. "చూశావా? చంపేది ముందు చక్రాలు కాదు, వెనకవి. మలుపులో అవి మూలను కోసుకుంటూ వస్తాయి."

"ఈ ఉప్పు ఎవరెత్తుతారు?"

"వెర్నా, నేను నవ్వులాటకి చెప్పట్లేదు."

"నేనూ నవ్వులాటకి అడగట్లేదు. పొద్దున్నించీ నిలబడి వండి వచ్చాను. ఎత్తు."

అరచేత్తో ఉప్పంతా ఊడ్చి ఎత్తాడు కానీ నోరు మాత్రం ఆపలేదు. ట్రక్కు వెనకే ఆగు. పొగ వస్తే ముక్కు మూసుకో, ముందుకు మాత్రం పోకు. వాడి అద్దంలో నీకు వాడి మొహం కనపడకపోతే వాడికి నువ్వు లేనట్టే లెక్క. నువ్వు ముందే నిలబడి ఉంటే, తర్వాత వాడొచ్చి పక్కన ఆపితే, పంతానికి పోకుండా దిగి కాలిబాట ఎక్కెయ్. పచ్చ లైటు చూసి కాదు, చక్రాలు చూసి కదులు.

ఆ మాటలు అప్పటినుంచి రోజూ విన్నాను. పొద్దున నేను హెల్మెట్ పెట్టుకుంటుంటే వంటింటి కిటికీ దగ్గర కుర్చీలోంచి చెప్పేవాడు. సాయంత్రం నేను కాళ్లు చాపుకుంటే, "ఇవాళ ఎన్ని ట్రక్కులు తగిలాయి? ఎక్కడ ఆగావు?" అని అడిగేవాడు. పళ్లు తోముకున్నావా అని చిన్నపిల్లను అడిగినట్టు. ఒకరోజు నాకు చిర్రెత్తింది.

"జాగ్రత్తలన్నీ నేనే పడాలా? వాడి బండి ఇంటంత ఉంటుంది, నా సైకిలు ఇస్త్రీ బల్లంత ఉంటుంది. ఇంటంత బండి నడిపేవాడు ఒక్క జాగ్రత్తా పడక్కర్లేదా?"

"పడాలి. కానీ వాడు పడకపోతే చచ్చేది నువ్వు. వాడు కాదు."

"అదేం న్యాయం?"

"న్యాయమని నేనెప్పుడన్నాను?" అన్నాడు ఎమిల్. "ఆ టీవీ రిమోట్ ఇటివ్వు."

చెప్పినట్టే చేశాను. మొగుడి మాట మీద గౌరవంతో కాదు. పోట్లాడే ఓపిక లేక. పొద్దున వంతెన దాటేసరికే మోకాళ్లు మూలిగేవి. ట్రక్కు వెనక ఆగడమంటే ఊపిరి తీసుకోవడానికి ఒక సాకు. ఆ సాకుతో ఆగేదాన్ని.

వంతెన దిగి బట్లర్ వీధిలో కొంత దూరం పోయాక ఒక సిగ్నల్ ఉంది. మూల మీద పెయింట్ల షాపు. అక్కడ కుడికి తిరిగితే నది వైపు కొత్త అపార్టుమెంట్లు కడుతున్నారు. అందుకని పొద్దున పూట ఆ మలుపులో టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి ఉండేవి. రోడ్డు అంచున సైకిళ్ల కోసం ఒక దారి గీసి, మూల దగ్గర దానికి పచ్చ రంగు వేశారు. నా వెనక నుంచి కుర్రకారు ఆ పచ్చ దారిలో దూసుకుపోయి, ట్రక్కుల పక్కగా సిగ్నల్ దాకా వెళ్లి నిలబడేవారు. నేనేమో పెయింట్ల షాపు ముందు, ఆఖరి చక్రాల వెనక, చలికి ముక్కు తుడుచుకుంటూ.

అలా వెళ్లేవాళ్లలో ఒకమ్మాయి రోజూ కనపడేది. ఎర్ర జడ, వీపు మీద పెద్ద సంచీ, హ్యాండిల్‌కు గంట. నన్ను దాటేటప్పుడు గంట మోగించి, "గుడ్ మార్నింగ్ మేడమ్! మీ ట్రక్కు బాగుందా?" అనేది. పేరు డెలానీ అనీ, గుట్ట పైన ఒక బేకరీలో రొట్టెలు చేస్తుందనీ తర్వాత తెలిసింది. మొదట్లో ఆ అమ్మాయంటే ఒళ్లు మండేది. తర్వాత, ఆ గంట వినపడని రోజు ఏమైందో అనుకోవడం అలవాటైంది.

ఒకసారి ఎర్ర లైటు దగ్గర వెనక్కి తిరిగి అడిగింది. "నిజంగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మనకి దారి వేశారు కదా. ఆ పొగలో ఎందుకు నిలబడతారు?"

"ఆ ట్రక్కు తిరిగితే?"

"తిరిగేముందు వాడే చూసుకోవాలి. అది వాడి డ్యూటీ. చట్టం కూడా అదే చెప్తుంది."

"చట్టం ఎక్కడుందమ్మా ఇప్పుడు? ఇక్కడ నువ్వూ, నేనూ, వాడూ ఉన్నాం."

"మీరు చాలా డల్లు మేడమ్," అని నవ్వి వెళ్లిపోయింది.

అక్టోబరులో ఒక పొద్దున సన్నగా వాన పడుతోంది. సిగ్నల్ దగ్గర కంకర నింపుకున్న టిప్పర్ ఆగి ఉంది. నేను ఎప్పట్లాగే వెనక ఆగాను. గంట మోగింది. డెలానీ నన్ను దాటి టిప్పర్ కుడి పక్కకు పోయింది. కానీ మురుగు జాలీ దగ్గర నీళ్లు మడుగు కట్టి ఉండడంతో, సిగ్నల్ దాకా పోకుండా టిప్పర్ సగంలోనే, రెండు జతల చక్రాలకూ మధ్య, ఒక కాలు కాలిబాట అంచు మీద పెట్టి నిలబడింది.

సరిగ్గా ఉప్పు సీసా ఉన్న చోటు.

వెళ్లి చెప్పడం నా పని కాదు. చెప్పినా వినదని తెలుసు. అయినా సైకిలు పెయింట్ల షాపు గోడకు ఆనించి కాలిబాట మీద నడిచి వెళ్లాను. ఎందుకు వెళ్లానని తర్వాత చాలామంది అడిగారు. నాకిప్పటికీ తెలీదు. వానలో ఎర్ర లైటు ఎంతకీ మారనట్టు అనిపించింది, అంతకంటే కారణం చెప్పలేను.

"అమ్మాయ్, ఇక్కడ కాదు. వెనక్కి రా. ఇక్కడ నువ్వు వాడికి కనపడవు."

చెవుల మీదికి లాక్కున్న టోపీ పైకి జరిపి చూసింది. "మళ్లీ మీరేనా?"

"రేపట్నుంచి నీ ఇష్టం. ఇవాళ ఒక్కరోజు వెనక్కి రా."

"మేడమ్, వాడు నేరుగా వెళ్తున్నాడు. ఇండికేటర్ వెయ్యలేదు చూడండి."

చూశాను. నిజమే, వెయ్యలేదు. ఆ క్షణానికి నాకూ అనుమానం వచ్చింది. ముసలి భయాలు మోసుకుంటూ ఒక పిల్లను వానలో విసిగిస్తున్నానేమో అనిపించింది. అంతలో పచ్చ లైటు పడింది.

డెలానీ పెడల్ మీద బరువు వేసింది. టిప్పర్ ఇంజను గుర్రుమంది. కదలడం, పక్కనున్న చిన్న పసుపు లైటు వెలగడం ఒక్కసారే జరిగాయి. లైటు ముందా, కదలడం ముందా అంటే ప్రమాణం చేసి చెప్పలేను. ముందు చక్రాలు దూరంగా పోయాయి. బండి పొట్ట మా మీదికి రావడం మొదలైంది, మెల్లగా, గోడ జరుగుతున్నట్టు. అది అంత మెల్లగా ఉంటుందని ఎమిల్ నాకు చెప్పలేదు.

అరిచానో లేదో గుర్తు లేదు. ఆ అమ్మాయి సంచీ పట్టీ రెండు చేతుల్తో పట్టుకుని వెనక్కి కూలబడ్డాను. సంచీతో పాటు ఆమె నా మీద పడింది. ఆమె మోచెయ్యి నా రొమ్ములో దిగింది. కాలిబాట రాయి నా తుంటికి తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. వెనక చక్రాలు సైకిలు మీదికి ఎక్కాయి. అప్పుడొచ్చిన చప్పుడు నేను చెప్పను. గంట కూడా ఒకసారి మోగింది, అంతవరకు చెప్తాను.

టిప్పర్ మలుపు తిరిగి, సైకిలును కిందే ఈడ్చుకుంటూ కొంచెం ముందుకు పోయి ఆగింది. డ్రైవరు దూకాడు. నలభై దాటినవాడు, నారింజ రంగు జాకెట్. వెనక్కి పరిగెత్తుకొచ్చి చక్రాల కింద నలిగిన సైకిలును చూశాడు. మమ్మల్ని చూడలేదు. తడి రోడ్డు మీద మోకాళ్ల మీద పడి, బండి కిందికి వంగి, "హలో? వినపడుతుందా? ఎక్కడున్నావ్?" అని చీకట్లోకి కేకలు వేయడం మొదలుపెట్టాడు. పొట్ట మీద పాకుతూ లోపలికి పోబోయాడు.

"ఇక్కడున్నాం!" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "ఏమయ్యా, ఇక్కడున్నాం! ఇద్దరం ఇక్కడే ఉన్నాం!"

అతనికి వినపడలేదు. చివరికి పెయింట్ల షాపాయన వెళ్లి కాలు పట్టుకుని లాగి, మమ్మల్ని చూపించాడు. డ్రైవరు మమ్మల్ని చూసి, ఆ వానలోనే చతికిలబడి, జాకెట్ చేతుల్లో మొహం దాచుకున్నాడు.

డెలానీ మణికట్టు విరిగింది. నా తుంటి కమిలింది, ఎముకలు మాత్రం విరగలేదు. పోలీసామె నా పక్కన కాలిబాట మీదే కూర్చుని అడిగింది. "ఇండికేటర్ వేశాడా మేడమ్?"

"వేశాడు."

"లైటు మారక ముందా?"

"కాదు. కదులుతున్నప్పుడు. ఎర్ర లైటు అంతసేపు ఉంది, అప్పుడు వెయ్యలేదు."

"ఆ అమ్మాయి బండి ఆగాక వచ్చిందా?"

"ఆగాకే వచ్చింది."

ఆమె అలాగే రాసుకుంది. రెండు ముక్కల్లో ఎవరికీ మేలు జరగని సాక్ష్యం ఇచ్చానని అప్పుడు నాకు తెలీదు.

ఇంటికి పెయింట్ల షాపాయన దింపాడు. ఎమిల్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, ఎవరో ఫోన్ చేశారట. "నేను చెప్పలేదా?" అంటాడని దారంతా పళ్లు బిగబట్టుకుని వచ్చాను. అతనా మాట అనలేదు. నన్ను సోఫాలో పడుకోబెట్టి, గడ్డకట్టిన బఠాణీల సంచీ తెచ్చి తుంటి కింద పెట్టి, బూట్లు విప్పాడు. అతను వంగలేడు. మోకాళ్ల మీద కూర్చుని విప్పాడు. చాలాసేపు నా పాదం వదల్లేదు.

"మెల్లగా వస్తుంది ఎమిల్, ఆ పొట్ట," అన్నాను.

"తెలుసు," అన్నాడు.

వారం తర్వాత పనిలో చేరాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలు కడుగుతుంటే, వెనక తలుపు దగ్గర డెలానీ నిలబడి ఉంది. చేతికి కట్టు, ఇంకో చేతిలో బేకరీ డబ్బా.

"దాల్చినచెక్క రొట్టెలు. నేను చెయ్యలేదు, నాకు పిండి పిసకడం కుదరట్లేదు. బేకరీ వాళ్లిచ్చారు."

"రా, కూర్చో. కాఫీ తాగుతావా?"

కూర్చుంది. కాఫీ తాగలేదు. కప్పు చుట్టూ వేళ్లు పెట్టుకుంది. "మీరు లాగకపోతే నేను..." అని ఆగిపోయింది. తర్వాత గబగబా చెప్పింది. ఆ కంకర కంపెనీ బీమా వాళ్లు తప్పంతా ఆమెదే అంటున్నారు. ఇండికేటర్ వేసిన బండి పక్కకు ఎవరు పొమ్మన్నారని. బేకరీలో ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టుకున్నారు.

"మేడమ్, మీరొక్కరే సాక్షి. అసలు ఇండికేటర్ వెయ్యనే లేదని చెప్తే చాలు. మనం మాట్లాడుకున్నప్పుడు వెయ్యలేదు కదా. మీరూ చూశారు కదా."

"అప్పుడు వెయ్యలేదు. తర్వాత వేశాడు."

"తర్వాత వేస్తే ఏంటి లాభం? వెయ్యనట్టే కదా!"

"అదే చెప్పు వాళ్లకి. నేనూ అదే చెప్తాను. వెయ్యలేదని మాత్రం చెప్పలేను, తల్లీ."

ఆమె మొహం ఎర్రబడింది. "మీరు నా పక్షం అనుకున్నాను."

"నీ పక్షం కాకపోతే నీ సంచీ ఎందుకు పట్టుకుంటాను?"

"మీకు లోపల సంతోషంగానే ఉండుంటుంది. మీరు చెప్పిందే కరెక్టయింది కదా," అని లేచింది. కాఫీ అలాగే ఉంది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "రొట్టెలు చల్లారక ముందే తినండి," అంది, ఇంకా కోపంగానే.

మర్నాడు కంపెనీ తరఫున ఎవరో ఫోన్ చేశాడు. గొంతు తేనెలా ఉంది. ఎర్ర లైటు ఉన్నప్పుడే ఇండికేటర్ వెలిగి ఉండొచ్చు కదా, వానలో నాకు సరిగా కనపడి ఉండదు కదా, నా వయసు ఎంత అని అడిగాడు. అతనికీ పోలీసామెకు చెప్పిందే చెప్పాను. మూడోసారి అదే అడిగితే, పొయ్యి మీద సూపు పొంగుతోందని చెప్పి పెట్టేశాను. సూపు లేదు. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, "ఒక పిల్లను రోడ్డు మీద నుంచి లాగడం తేలికే ఎమిల్, ఆ తర్వాతదే కష్టం" అన్నాను. అతను లేచి సాసేజీలు వేయించాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంటి గంట మోగింది. చర్చికి వెళ్లినవాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒకతను గుమ్మంలో నిలబడ్డాడు. జాకెట్ లేకపోవడంతో గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. టిప్పర్ డ్రైవరు. పేరు కర్టిస్ మోబ్లీ.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టను మేడమ్. సాక్ష్యం గురించి కాదు. థాంక్స్ చెబుదామని. అంతే."

లోపలికి రమ్మన్నాను. ఎమిల్ వంటింటి బల్ల దగ్గర ఉన్నాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఏ కంపెనీ, ఏ బండి, ఎన్ని గేర్లు అని డ్రైవర్ల ముచ్చట్లు కొంచెంసేపు నడిచాయి. నేను కాఫీ పోశాను. కర్టిస్ కప్పు ముట్టుకోలేదు.

"ఇప్పటికీ ఆ బండి ఎక్కలేకపోతున్నాను సార్. యార్డులో లోడింగ్ పని ఇచ్చారు. కళ్లు మూస్తే ఆ సైకిలే. అద్దం చూశాను, దేవుడి మీద ఒట్టు, చూశాను. ఎవరూ లేరు."

ఎమిల్ అతన్ని ఊరడిస్తాడనుకున్నాను. కనపడని చోటుంది, అందులోకి వచ్చినవాళ్లదే జాగ్రత్త అని నాకు వసంతం నుంచీ చెప్తున్న మనిషి కదా.

"ఎన్నిసార్లు చూశావు?" అన్నాడు ఎమిల్.

"సార్?"

"కుడి అద్దం. ఎన్నిసార్లు?"

"ఆగినప్పుడు చూశాను."

"కదిలేటప్పుడు?"

కర్టిస్ తల దించుకున్నాడు. "ఎదురుగా ఎవరో రోడ్డు దాటుతున్నారు. వాళ్లనే చూస్తున్నాను."

"ఇండికేటర్?"

"ఆలస్యంగా వేశాను. తెలుసు. రోజూ తిరిగే మలుపే కదా అని..."

"రోజూ తిరిగే మలుపు నీకు తెలుసు. పక్కనున్న పిల్లకి ఎలా తెలుస్తుంది?" ఎమిల్ గొంతు పెరిగింది. అన్నేళ్ల కాపురంలో అతను అలా అరవగా నేను వినలేదు. "నువ్వు ఇండికేటర్ ముందే వేసుంటే ఆ పిల్ల ఆగేది! నా పెళ్లాం ఆ సందు అంచున నిలబడింది, తెలుసా? నా పెళ్లాం! రెండోసారి మెడ తిప్పడానికి నీకేం పోయేదిరా?"

కర్టిస్ లేచి వెళ్లిపోలేదు. తిట్టించుకోవడానికే వచ్చినవాడిలా కూర్చున్నాడు. కాసేపటికి ఎమిల్ తన కప్పు జరిపి, రొట్టె పళ్లెం అతని వైపు తోశాడు. "తిను," అన్నాడు, గొంతు తగ్గించి. "తిని, బండి ఎక్కు. ఎక్కకపోతే ఇంకెప్పటికీ ఎక్కలేవు. ఎక్కి, రెండుసార్లు చూడు."

అప్పుడు నాకర్థమైంది. డ్రైవర్లు పడాల్సిన జాగ్రత్త ఎమిల్‌కు ఎప్పుడూ తెలుసు. ఊళ్లో ఉన్న టిప్పర్లన్నిటికీ ఎదురు నిలబడి చెప్పలేడు. కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న మనిషి మాట ఎవరు వింటారు? వినక తప్పనిదాన్ని నేనొక్కదాన్నే ఉన్నాను. వాళ్లందరికీ చెప్పాల్సిందంతా నా ఒక్కదాని నెత్తిన పోశాడు.

కర్టిస్ వెళ్లాక, "అదే ముందు నాతో అనొచ్చుగా, వాళ్లది కూడా తప్పే అని," అన్నాను.

"అంటే నువ్వు వాళ్లని నమ్ముకుంటావని భయం," అన్నాడు.

బీమా గొడవ చలికాలమంతా సాగి, తప్పు ఇద్దరిదీ అని పంచి ముగించారు. డెలానీకి కొంత వచ్చింది, అనుకున్నంత రాలేదు. కర్టిస్ మళ్లీ బండి ఎక్కాడని పెయింట్ల షాపాయన చెప్పాడు. నేను మంచు పడ్డ రోజుల్లో రెండు బస్సులు మారి, మిగతా రోజుల్లో సైకిలు తొక్కాను. వాన వచ్చేముందు తుంటి సలిపి చెప్పేది.

మార్చిలో డెలానీ మళ్లీ వంటగది వెనక తలుపు దగ్గరకొచ్చింది. ఈసారి డబ్బా లేదు. ఆ మూల దగ్గర సైకిళ్లకు ముందుగా వెలిగే లైటు వేరే పెట్టించాలని కొందరు నగరపాలక సంస్థను అడుగుతున్నారట, లైబ్రరీ హాల్లో సమావేశం ఉందట.

"మీరొచ్చి మాట్లాడాలి. నేనేం చెప్పమని చెప్పను. మీ ఇష్టమొచ్చింది చెప్పండి."

"నేను డల్లుగా మాట్లాడతాను."

"తెలుసు. రండి."

పని ముగించుకుని అట్నించి అటే వెళ్లాను. ఎమిల్ రెండు బస్సులు మారి వచ్చాడు, వద్దంటే వినకుండా. హాలు వెచ్చగా ఉంది. కుర్చీలో కూర్చోగానే నాకు నిద్ర ముంచుకొచ్చింది. ఎవరో పెద్దాయన లేచి, సైకిళ్లవాళ్లు ఎవరి ప్రాణం వాళ్లు చూసుకోవాలి, రోడ్డు ఆటస్థలం కాదు అన్నాడు. సగం హాలు చప్పట్లు కొట్టింది. ఒక కుర్రాడు లేచి, చంపే బండి నడిపేవాడిదే బాధ్యత, చచ్చేవాడికి నీతులు చెప్పకండి అన్నాడు. మిగతా సగం చప్పట్లు కొట్టింది. ఎమిల్ మోచేత్తో పొడిస్తే లేచాను. నా వంతు.

మైకు పట్టుకుంటే చేతులకింకా ఉల్లిపాయల వాసన. "నేను ట్రక్కు వెనకే ఆగుతాను," అన్నాను. "రేపు కూడా ఆగుతాను. చావాలని లేదు కాబట్టి. ఈ అమ్మాయి కూడా ఇప్పుడు ఆగుతుంది. మా జాగ్రత్త మేం పడతాం, పడక తప్పదు. కానీ మేం పడుతున్నాం కదా అని బండ్లు నడిపే మీ పని అయిపోయిందనుకోకండి. మేం చాలా అలిసిపోయి ఉంటాం. ఒక్కోరోజు మర్చిపోతాం. ఆ రోజు మీరు చూడాలి."

ఇంకేదో చెప్పాలనుకున్నాను, గుర్తు రాలేదు. కూర్చున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఉన్న నగరపాలక సంస్థ మనిషి పరిశీలిస్తామన్నాడు. ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారు.

బయట డెలానీ తన కొత్త సైకిలు తాళం తీస్తూ, "కొంచెం బాగానే మాట్లాడారు," అంది. మణికట్టు ఇంకా పూర్తిగా వంగడం లేదు, తాళం ఎడమ చేత్తో తీసింది. వెలుతురు ఉండగానే ఇల్లు చేరాలని ఎమిల్, నేను బయల్దేరాం. తిరిగి వెళ్లే బస్సు అప్పటికే తప్పిపోయింది. ఎమిల్ సైకిలు తొక్కలేడు, నేను అతన్ని వదిలి తొక్కలేను. నేను సైకిలు నడిపిస్తూ, ఎమిల్ దాని సీటు మీద చెయ్యి వేసి బరువు ఆనిస్తూ, వంతెన మీద మెల్లగా నడిచాం. పక్కన ట్రక్కులు పోతూనే ఉన్నాయి. ప్రతిదాని గాలికీ వంతెన కొంచెం ఊగేది. మధ్యలో రెండుసార్లు ఆగాం, ఒకసారి అతని వెన్ను కోసం, ఒకసారి నా తుంటి కోసం.

ఇల్లు చేరేసరికి వంట చేసే ఓపిక ఇద్దరికీ లేదు. నిన్న మిగిలిన క్యాబేజీ నూడుల్స్ చల్లగానే తిన్నాం. గిన్నెలు పొద్దున కడుక్కోవచ్చని సింకులో పడేసి, నేను బూట్లు విప్పుకున్నాను.